చరిత్ర మ్యూజియంలో ఊహలకేం పని?

ప్రశ్న క్లుప్తంగా ఇది. న్యూజెర్సీలో ఉంటున్న ఒకావిడ, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయితో కలిసి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక ఆఫ్రోఫ్యూచరిస్టు గది, అంటే నల్లజాతి చరిత్రనీ భవిష్యత్తు గురించిన ఊహల్నీ కలిపే కళతో చేసిన గది, చూశారు. పాతకాలం చెక్క ఇల్లు, లోపల వింత టీవీ, ఎప్పటివో తెలియని సామాన్లు. "ఇందులో ఏది నిజం, ఏది కల్పన? చరిత్ర చెప్పాల్సిన చోట ఈ ఊహలెందుకు? మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టుకి దీన్నే తీసుకుంటానంటోంది. నాకు బ్లాక్ పాంథర్ సినిమా, ఎప్పుడో చదివిన 'ఏడు తరాలు' తప్ప ఏమీ తెలియదు. ఏం చూపించాలి? మనవాళ్ళకి దీంతో ఏమైనా సంబంధం ఉందా?" అని అడిగారు.

జవాబు:

నమస్తే అండీ. నేను అమెరికాలో మ్యూజియంల విద్యా విభాగాల్లో చాలాకాలంగా పనిచేస్తున్నాను. స్కూలు పిల్లల్ని గదులు తిప్పడం, టీచర్లకి పాఠాలు తయారుచేసి ఇవ్వడం నా పని. "ఏది నిజం, ఏది కల్పన" అన్న మీ ప్రశ్న అడగకుండా ఆ గదిలోంచి బయటికొచ్చేవాళ్ళ గురించే నాకు బెంగ. అడిగారంటే సగం పని అయిపోయినట్టే.

మీ అమ్మాయికి ముందు రాకెట్లూ వెండి జిలుగుల దుస్తులూ చూపించకండి. ఒక కాగితం చూపించండి. 1850లోనూ 1860లోనూ అమెరికా ప్రభుత్వం జనాభా లెక్కలు తీసినప్పుడు బానిసల కోసం విడిగా ఒక పట్టిక పెట్టింది. మొదటి గడిలో యజమాని పేరు. పక్కన ఎంతమంది, వయసెంత, ఆడా మగా, రంగు నలుపా మిశ్రమమా, పారిపోయినవాళ్ళెందరు, విడుదలైనవాళ్ళెందరు. ఆ తర్వాత చెవిటి, మూగ, గుడ్డి, మతిలేనివాళ్ళ గడి. మనిషి పేరు రాయడానికి మాత్రం గడి లేదు. యజమాని పేరు కింద 35 మగ నలుపు, 30 ఆడ నలుపు, 4 ఆడ మిశ్రమం... ఇలా పేజీ పొడవునా దిగుతుంది. ఆ ముప్ఫయ్యేళ్ళావిడ ఆ నాలుగేళ్ళ పిల్లకి తల్లో కాదో ఆ కాగితం చెప్పదు. రాసినవాడికి ఆ సంగతి అక్కర్లేదు.

బానిసత్వం నుంచి బయటపడ్డ నలభై లక్షల మంది పేర్లతో సహా జాతీయ జనాభా లెక్కల్లోకి ఎక్కింది 1870లో. అందుకే వంశవృక్షాలు వెతుక్కునే ఆఫ్రికన్ అమెరికన్లు దీన్ని "1870 గోడ" అంటారు. వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే తాతముత్తాతల పేర్లు అక్కడ ఆగిపోతాయి. గోడకి అవతల ఏదైనా దొరికితే అది వీలునామాలోనో, అమ్మకం పత్రంలోనో, అప్పుకింద తాకట్టు పెట్టిన ఆస్తుల జాబితాలోనో పశువుల పక్కన దొరుకుతుంది. కాగితం ఉంది, కానీ అది యజమాని అవసరానికి పుట్టిన కాగితం. ఆఫ్రోఫ్యూచరిజంలో ఊహ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడ.

మీరు 'ఏడు తరాలు' చదివానన్నారు కాబట్టి ఒక మాట. అలెక్స్ హేలీ తన వంశం గురించి 1976లో ఇంగ్లీషులో రాసిన ఆ పుస్తకం సహవాసిగారి తెలుగులో మన ఇళ్ళకి చేరింది. అందులోని కుంటా కింటే పేరు తెలియని తెలుగు పాఠకుడు అరుదు. దాని తర్వాతి కథ మాత్రం మన దగ్గర ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు. వంశచరిత్ర పరిశోధకులు హేలీ చెప్పిన ఆధారాలు తిరగేసి చూస్తే, బానిసత్వాన్ని ముగించిన అమెరికా అంతర్యుద్ధానికి ముందు తరాల గొలుసు రికార్డులతో సరిపోలేదు. పుస్తకం విలువ దాంతో పోలేదనే నేనంటాను. కానీ గోడ అవతల ఊహించినదాన్ని దొరికినదిగా చెప్పారు, చిక్కంతా అక్కడే. మీరు చూసిన గది చేసినవాళ్ళు ఆ పని చెయ్యలేదు. ఇదిగో ఇక్కడిదాకా రికార్డు, ఇక్కడి నుంచి మా ఊహ అని దాచకుండా చూపించారు. అతుకు కనిపించేలా కుట్టడమే ఈ కళలో నాకు అన్నిటికన్నా నచ్చే గుణం. ఒక కార్యక్రమం బాగుందా లేదా అని నేను చూసేది కూడా దాంతోనే.

ఇప్పుడు ఆ గదిలోకి వెళ్దాం. దాని వెనక ఒక నిజమైన ఊరుంది, పేరు సెనెకా విలేజ్. ఇప్పటి న్యూయార్క్ సెంట్రల్ పార్కు పడమటి వైపు, 82వ వీధికీ 89వ వీధికీ నడుమ ఉండేది. 1825 సెప్టెంబరులో ఆండ్రూ విలియమ్స్ అనే పాతికేళ్ళ నల్ల కుర్రాడు, బూట్లు పాలిష్ చేసి బతికేవాడు, అక్కడ మూడు స్థలాలు 125 డాలర్లకి కొన్నాడు. ఎపిఫనీ డేవిస్ అనే దుకాణం గుమస్తా పన్నెండు స్థలాలు కొన్నాడు. నల్లవారి చర్చి ఒకటి మరికొన్ని కొంది. స్థలం కొనడం వెనక ఇల్లొక్కటే కాదు, ఓటు కూడా ఉంది. న్యూయార్క్ రాష్ట్రం 1821లో నల్లజాతి మగవాళ్ళు ఓటెయ్యాలంటే 250 డాలర్ల ఆస్తి ఉండాలని షరతు పెట్టింది. అదే దశాబ్దంలో తెల్లవాళ్ళకి ఆస్తి షరతు ఎత్తేసింది.

1855 నాటికి ఆ ఊళ్ళో సుమారు 225 మంది ఉన్నారు. మూడింట రెండొంతులు నల్లవారు, మిగతావాళ్ళలో ఎక్కువమంది ఐర్లండు నుంచి వచ్చినవాళ్ళు. మూడు చర్చిలు, ఒక బడి, శ్మశానాలు ఉండేవి. నగరానికి పార్కు కావాలనుకున్నప్పుడు పత్రికలు దీన్ని ఆక్రమణదారుల గుడిసెలని రాశాయి. చట్టం ప్రకారం భూసేకరణ చేశారు. ఆండ్రూ విలియమ్స్ తన ఇంటికీ మూడు స్థలాలకీ 3,500 డాలర్లు అడిగితే 2,335 ఇచ్చారు. 1857కల్లా ఊరు లేదు. పార్కు కోసం మొత్తం కదిలించింది సుమారు 1,600 మందిని. తర్వాత వందేళ్ళకి పైగా ఆ పచ్చికమీద పడుకున్న జనానికి కింద ఊరుందని తెలియదు. 2011లో పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ తవ్వితే చర్చిలో పనిచేసిన విల్సన్ అనే ఆయన ఇంటి రాతి పునాది బయటపడింది. ఇనుప టీ కెటిల్, వేపుడు పళ్ళెం, చైనా పింగాణీ ముక్కలు, తోలు అట్ట ఉన్న ఒక చిన్న బూటు దొరికాయి. ఆక్రమణదారుల గుడిసెలన్న రాతకి ఆ పింగాణీ ముక్కలే జవాబు.

మెట్‌లో, అంటే మెట్రోపాలిటన్ మ్యూజియంలో, ఆ గది 2021 నవంబరులో తెరిచారు. ముఖ్య రూపకర్త హానా బీచ్లర్. మీకు తెలిసిన బ్లాక్ పాంథర్ సినిమాకి ప్రొడక్షన్ డిజైన్ చేసి ఆస్కార్ తెచ్చుకున్నది ఆవిడే. సాహిత్య పరిశోధకురాలు మిషెల్ కమాండర్ సలహాదారుగా ఉన్నారు. వాళ్ళు వేసుకున్న ప్రశ్న చాలా తేలిగ్గా ఉంటుంది: ఆ ఊరిని కూల్చకపోయి ఉంటే, ఒక కుటుంబం అదే ఇంట్లో తరతరాలుగా ఉండి ఉంటే, ఈ రోజు ఆ ఇల్లెలా ఉండేది? అందుకే మీరు చూసిన ఇంట్లో పాత పొయ్యి, 19వ శతాబ్దపు కుండలు, కామెరూన్ ప్రాంతపు పూసల పని, నిన్నమొన్నటి కుర్చీలు అన్నీ కలిసే ఉంటాయి. మీకు వింతగా అనిపించిన టీవీ అయిదు ముఖాలది. అందులో ఆడేది జెన్ న్కిరు చేసిన చిత్రం. గోడకాగితం నైజీరియాలో పుట్టిన జిదెకా అకున్యిలి క్రాస్బీది. మళ్ళీ వెళ్తే దాని దగ్గర కాసేపు నిలబడండి. ఆకుల నడుమ సెనెకా విలేజ్ పటం కనిపిస్తుంది. ఆ ఆకులేమిటో మన పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు, అది బెండమొక్క. బానిస ఓడలతో పాటు ఆఫ్రికా నుంచి అమెరికా వంటింట్లోకి వచ్చిన కూర అది.

ఇక మీ అసలు సందేహం, చరిత్ర మ్యూజియంలో కల్పన ఏమిటని. అదే మెట్‌లో ధనవంతుల పాతకాలపు గదులు వరసగా ఉన్నాయి కదా, వాటినీ చూసే ఉంటారు. ఒక ఇంటి చెక్కపని, ఇంకో ఇంటి బల్ల, మరో ఊరి వెండిసామాను కలిపి "ఫలానా ఏడాది బైఠకు ఇలా ఉండేది" అని చూపిస్తారు. అవీ కూర్చినవే, అచ్చంగా అలా ఉన్న గది ఎప్పుడూ లేదు. అయినా వాటి ముందు నిలబడి ఇది కల్పన కదా అని ఒక్కరూ అడగగా నేను వినలేదు. అడిగేది ఈ గది దగ్గరే. ఆ తేడా గురించి మీ అమ్మాయి ఒక పేరా రాస్తే టీచరు ఆగి చదువుతారు.

ఆ గది పేరుకి అర్థం "నిన్నటికి ముందు మనం ఎగరగలిగేవాళ్ళం" అని. దీని వెనకా ఒక కథ, దాని వెనక ఒక సంఘటన ఉన్నాయి. 1803లో జార్జియా తీరంలో సెయింట్ సైమన్స్ దీవి దగ్గర, అమ్మకానికి తెచ్చిన పశ్చిమ ఆఫ్రికా ఇగ్బో జాతి బందీలు ఓడలో తిరగబడ్డారు. ఒడ్డు చేరాక బానిసత్వంలోకి నడవకుండా బురదనీళ్ళలోకి నడిచారు. కొందరు మునిగిపోయారు. ఎస్టేటు మనుషుల ఉత్తరాల్లో అది పోయిన సొమ్ము. ఆ తీరంలో ఉండే, బానిసల సంతతి అయిన గల్లా గీచీ జనం నోట మాత్రం అది వేరే కథ: వాళ్ళు చావలేదు, రెక్కలొచ్చి ఆఫ్రికాకి ఎగిరిపోయారు. 1930లలో ప్రభుత్వం తరఫున ముసలివాళ్ళ మాటలు రాసుకోవడానికి వెళ్ళినవాళ్ళకి ఈ కథ చాలాచోట్ల వినిపించింది. అంతరిక్షనౌకలూ నక్షత్రాలూ తర్వాత వచ్చాయి. ఎగిరిపోవడమన్న ఊహ బానిసలు పనిచేసిన తోటల్లోనే పుట్టింది.

సముద్రంలోనూ ఇలాంటిదే ఒకటుంది. 1781లో జాంగ్ అనే బానిస ఓడ సిబ్బంది నూట ముప్ఫై మందికి పైగా బందీల్ని సముద్రంలోకి తోసేశారు. ఓడ యజమానులు "సరుకు నష్టం" కింద బీమా సొమ్ము అడిగారు. 1783లో లండన్ కోర్టులో నడిచిన వ్యాజ్యం హత్య గురించి కాదు, ఆ బీమా గురించి. రెండు వందల ఏళ్ళ తర్వాత డెట్రాయిట్‌లో డ్రెక్సియా అనే ఇద్దరు టెక్నో సంగీతకారులు ఒక పురాణం అల్లారు: ఓడల మీంచి విసిరేసిన గర్భిణుల బిడ్డలు నీళ్ళలోనే ఊపిరి పీల్చడం నేర్చుకుని సముద్రం అడుగున ఒక దేశం కట్టుకున్నారని. చిత్రకారిణి ఎలెన్ గాలహర్ 2001 నుంచి అదే లోకాన్ని దళసరి కాగితం మీద కత్తితో చెక్కి, రంగులద్ది చేస్తున్నారు. నావికులు తిమింగలం ఎముకల మీద బొమ్మలు చెక్కే పద్ధతిని ఆవిడ కాగితానికి తెచ్చారు. ఆ పని ముందు నిలబడితే మొదట నాచూ చేపలే కనిపిస్తాయి, కాసేపటికి వాటి మధ్య మొహాలు తేలతాయి. పిల్లలు పెద్దవాళ్ళకన్నా ముందు కనిపెడతారు.

సన్ రా గురించి రెండు ముక్కలు, ఎందుకంటే ఆయన లేకుండా ఈ కథ చెప్పరు. 1914లో అలబామా బర్మింగ్‌హామ్‌లో పుట్టిన పియానో వాయిద్యకారుడు. బర్మింగ్‌హామ్ కాదు, నేను శనిగ్రహం వాణ్ణి అనేవాడు. ఆయన వాద్యబృందం ఫిలడెల్ఫియాలో ఒకే ఇంట్లో కలిసి ఉంటూ సాధన చేసేది. 1993లో ఆయన పోయినా బృందం ఆగలేదు. కొన్నాళ్ళకి పగ్గాలు తీసుకున్న మార్షల్ అలెన్‌కి 2024లో నూరేళ్ళు నిండాయి. ఆఫ్రోఫ్యూచరిజం అన్న పేరు పెట్టింది మాత్రం మార్క్ డెరీ అనే తెల్ల విమర్శకుడు, 1993లో. గతాన్ని కావాలని చెరిపేస్తే, జాడల కోసం వెతుక్కోవడంలోనే శక్తి అంతా ఖర్చయ్యే జనం భవిష్యత్తుని ఊహించగలరా అన్నది ఆయన అడిగిన ప్రశ్న. నిజానికి జవాబు డెబ్భై ఏళ్ళ ముందే ఉంది. న్యూయార్క్‌లోని నల్లవారి పేట హార్లెమ్‌లో పుస్తకాలూ చేతిరాతలూ పోగుచేసిన ఆర్తురో షోంబర్గ్, అమెరికా నల్లవాడు భవిష్యత్తు కట్టుకోవాలంటే ముందు గతాన్ని మళ్ళీ కట్టుకోవాలి అని 1925లోనే రాశాడు. ఆయన పోగుచేసినవే ఇప్పుడు షోంబర్గ్ కేంద్రం. మీకు రైల్లో గంట ప్రయాణం, ఉచితం కూడా. తప్పక తీసుకెళ్ళండి.

కార్యక్రమాల సంగతికొస్తే, అన్నీ ఒక్కలా ఉండవు. పెద్ద సంస్థలు చేసేవి అందంగా ఉంటాయి. వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం 2023 మార్చిలో దీనిమీద పెద్ద ప్రదర్శన పెట్టింది. స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సీరియల్లో నటి నిషెల్ నికల్స్ వేసుకున్న ఎర్ర యూనిఫాం, రచయిత్రి ఆక్టేవియా బట్లర్ టైపు మిషను ఉండేవందులో. వాటితో పాటు ఒక నీలం రంగు పైలట్ సూటు కూడా ఉండేది. 2012లో ఫ్లోరిడాలో కాల్చి చంపిన పదిహేడేళ్ళ ట్రేవాన్ మార్టిన్, విమానాలు నేర్పే ఒక శిబిరంలో వేసుకున్నది. ఆ కుర్రాడికి విమానం నడపాలని ఉండేది. ఊహాలోకాల దుస్తుల మధ్య ఆ ఒక్కటీ నిజం దుస్తు. ఆ ప్రదర్శన మొత్తానికీ అర్థం చెప్పింది అదేనని నా అభిప్రాయం.

కానీ నేను ఎక్కువ నేర్చుకున్నది ఒక చిన్న దాన్నుంచి. ఫిలడెల్ఫియాలో రషీదా ఫిలిప్స్, కామే అయేవా అని ఇద్దరు పనిచేసేవారు. ఒకరు ఇళ్ళ వ్యాజ్యాలు చూసే లాయరు, ఇంకొకరు కవి, సంగీతకారిణి. బ్లాక్ క్వాంటమ్ ఫ్యూచరిజం పేరుతో కలిసి పనిచేస్తారు. ఉత్తర ఫిలడెల్ఫియాలో షార్స్‌వుడ్ అనే నల్లవారి పేటని పునరభివృద్ధి పేరుతో ఖాళీ చేయిస్తున్న సమయంలో, 2016లో, ఆ పేటలోనే ఒక కొట్టుగది తీసుకుని కమ్యూనిటీ ఫ్యూచర్స్ ల్యాబ్ పెట్టారు. జనం వచ్చి తమ వీధి గురించి గుర్తున్నది రికార్డు చేసేవారు. అక్కడితో ఆగకుండా, ఈ వీధి ముందు ముందు ఎలా ఉండాలనుకుంటున్నారో కూడా చెప్పమనేవారు. అదే గదిలో ఇళ్ళ హక్కుల మీద తరగతులూ జరిగేవి. సెనెకా విలేజ్ గది ఊరు పోయిన నూట అరవై ఏళ్ళకి వచ్చింది. ఇది పేట ఇంకా నిలిచి ఉండగానే వచ్చింది. కూల్చివేతని ఆపగలిగిందా అంటే లేదు. కానీ రేపటి పరిశోధకుడికి యజమాని రాసిన కాగితం ఒక్కటే మిగిలే పరిస్థితి ఈసారి రాదు.

విమర్శలు లేకపోలేదు, మీ అమ్మాయి వాటినీ రాయాలి. అన్నిటికన్నా పెద్దది మెట్ మీదే: ఆ మ్యూజియం కూర్చున్నది సెంట్రల్ పార్కులోనే. ఏ పార్కు కోసం ఊరు కూల్చారో ఆ పార్కు నేల మీదే ఆ ఊరికి ఒక గది కట్టారు. ఇది ప్రాయశ్చిత్తమా, అలంకారమా? నాకు రెండూ అనిపిస్తాయి, రోజుని బట్టి. రెండోది, ఈ ముద్ర అమెరికా చుట్టూనే తిరుగుతుందని ఆఫ్రికా మూలాలున్న రచయితలు కొందరు దీన్ని ఒప్పుకోరు. న్నెడి ఒకోరాఫోర్ 2019లో ఆ మాట గట్టిగానే చెప్పి తన రాతలకి వేరే పేరు పెట్టుకున్నారు. మూడోది నా సొంత ఫిర్యాదు: నల్లజాతి చరిత్ర మాసంగా జరుపుకునే ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, మెరిసే దుస్తులు, డ్రమ్ములు, ఫోటో స్టాలు పెట్టి ఆఫ్రోఫ్యూచరిజం అనేస్తున్నారు. రికార్డు ఒక్కటీ కనిపించదు. అలాంటిచోట పిల్లలు సరదాపడతారు, అంతే.

మనవాళ్ళకి సంబంధం ఉందా అన్నారు. హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ వైపు వెళ్ళినప్పుడు ఏసీ గార్డ్స్ అనే పేట తగిలే ఉంటుంది. ఏసీ అంటే ఆఫ్రికన్ క్యావల్రీ. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకి వెళ్ళిన ఆఫ్రికన్ ఆశ్వికదళం వాళ్ళుండే చోటు అది. ఆ సిద్దీ కుటుంబాల వారసులు ఇప్పటికీ ఆ పేటలో ఉన్నారు. హైదరాబాదీ పెళ్ళిళ్ళలో మోగే మర్ఫా వాద్యంలో వాళ్ళ చెయ్యి ఉంది. అంతకు చాలా ముందే ఇథియోపియాలో పుట్టి, బానిసగా అమ్ముడుపోయి దక్కన్ చేరిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపాడు. ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అంటున్న ఔరంగాబాదుకి పునాది వేశాడు, 1626లో పోయాడు. షోంబర్గ్ కేంద్రం 2013లో భారతదేశంలోని ఆఫ్రికన్ల మీద ఒక ప్రదర్శనే పెట్టింది. కాబట్టి సంబంధం ఉంది. అయితే అట్లాంటిక్ చరిత్రా హిందూ మహాసముద్రం చరిత్రా ఒకటే అని రాయనివ్వకండి. ఇక్కడ బానిస సైన్యాధిపతి కాగలిగాడు, అక్కడ బానిసల పిల్లలకి పేరు గడి కూడా లేదు. మరో మాట, హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆ పేటలో కెమెరా పట్టుకుని తిరగడం కాకుండా, తెలిసినవాళ్ళ ద్వారా వెళ్ళి పెద్దవాళ్ళని అడిగి మాట్లాడితే మర్యాదగా ఉంటుంది.

ఇక ప్రాజెక్టు. 'లాస్ట్ ఫ్రెండ్స్' అని న్యూ ఆర్లియన్స్ పత్రిక ఒకటి 1879 నుంచి నడిపిన శీర్షిక ఉంది. బానిసత్వంలో అమ్ముడుపోయి విడిపోయిన తల్లుల కోసం, తోబుట్టువుల కోసం చందాదారులు ఉచితంగా, మిగతావాళ్ళు అర డాలరు కట్టి వేయించుకున్న ప్రకటనలు. పాస్టర్లు వీటిని చర్చిలో చదివి వినిపించాలని పత్రిక కోరేది. అవన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవచ్చు. మీ అమ్మాయిని ఒక్క ప్రకటన ఎంచుకోమనండి. అందులోని పేర్లు, ఊళ్ళు, యజమానుల పేర్లు విడదీసి రాసుకోమనండి. తర్వాత 1860 బానిసల పట్టికలో ఆ యజమాని పేరు వెతకమనండి. దొరికితే, ఆ వయసుల వరసలో ఎవరు ఎవరై ఉండొచ్చో ఊహించి ఒక పేజీ రాయమనండి. రికార్డులో ఉన్న మాట నల్ల సిరాతో, తన ఊహ నీలం సిరాతో. ఆ కుటుంబం కలుసుకుని ఉంటే ఇప్పుడు ఎలా ఉండేదన్నది బొమ్మ వెయ్యాలనుకుంటే అదీ నీలంలోనే. కొన్ని ప్రకటనల్లో ఉన్న బాధ తొమ్మిదో తరగతి పిల్లకి బరువే, కాబట్టి మొదటి రెండు మూడు పక్కన కూర్చుని చదవండి.

ఇంకా ఓపిక ఉంటే, అంతర్యుద్ధం తర్వాత విడుదలైనవాళ్ళ కోసం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాలున్నాయి: కూలి ఒప్పందాలు, రేషను జాబితాలు, పెళ్ళి నమోదులు. చేతిరాత చదివి టైపు చేసే పని స్మిత్సోనియన్ వాళ్ళు ఇంటర్నెట్‌లో వాలంటీర్లకి ఇస్తారు. హైదరాబాదులో ఉన్నవాళ్ళు కూడా చెయ్యచ్చు. పాతకాలపు రాతలో పొడుగాటి ఎస్ అక్షరం ఎఫ్‌లా కనిపిస్తుంది, అక్కడ అందరూ తికమకపడతారు. మీ అమ్మాయికి ఏ పేజీ అయినా అర్థం కాకపోతే ఫోటో ఇక్కడ పెట్టండి. పై గడుల శీర్షికలు కూడా కనపడేలా తియ్యండి, లేకపోతే ఏ అంకె దేనిదో చెప్పడం కష్టం.